మా వ్యాన్‌లో వాన ఎందుకు పడింది?

మా బాబాయికి ఒక పాత టెంపో ట్రావెలర్ ఉంది. అబ్దుల్లాపూర్‌మెట్‌లో మా ఇంటి పక్క ఖాళీ ప్లాట్‌లో పెడతాడు. పోయిన డిసెంబర్‌లో దాని వెనక సీట్లు పీకించి, ప్లైవుడ్ కొట్టించి, పైన పరుపులు పరిచి "ఇదే మన క్యారవాన్ రా" అన్నాడు. బాబాయి, పిన్ని, నానమ్మ, నేను లంబసింగి బయల్దేరాం.

లంబసింగి చింతపల్లి దగ్గర, సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. నానమ్మకి ఆయాసం. అందుకని చలిగాలి రాకుండా అద్దాలన్నీ బిగించేశాం. పిన్ని లోపలే గ్యాస్ స్టవ్ మీద టీ పెట్టింది. తెల్లారేసరికి అద్దాల మీద నీళ్లు ధారగా కారుతున్నాయి. పైన రేకు నుంచి చుక్కలు పడి నానమ్మ దుప్పటి తడిసిపోయింది. "వాన పడిందేంట్రా?" అంది. బాబాయి రూఫ్ లీకనుకుని, ఇంటికొచ్చాక సీలెంట్ కొట్టించాడు. వారం తర్వాత పరుపు ఎత్తి చూస్తే అడుగంతా నల్ల బూజు. ఆయాసం ఉన్న మనిషి పడుకునే పరుపు అది!

అప్పుడు కూర్చుని లెక్కేశాను. నిద్రలో ఒక్కో మనిషి ఊపిరి, చర్మం ద్వారా రాత్రికి దాదాపు పావు లీటరు నీటిని గాల్లోకి వదులుతాడు. నలుగురికి ఒక లీటరు. మా వ్యాన్ లోపల సుమారు 12 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి 17 గ్రాముల ఆవిరినే మోయగలదు. అంటే మొత్తం 200 గ్రాములు. మిగతా 800 ఎక్కడికి పోవాలి? ఎక్కడ చల్లగా ఉంటే అక్కడికే, అంటే అద్దం, రేకు, పరుపు అడుగు. గ్యాస్ సంగతి ఇంకా ఘోరం. కిలో గ్యాస్ కాలితే కిలోన్నర నీటి ఆవిరి పుడుతుంది.

"బయటంతా పొగమంచురా, కిటికీ తీస్తే ఉన్న తేమ చాలక ఇంకా వస్తుంది" అన్నాడు బాబాయి. నేనూ అదే అనుకున్నా. కానీ 8 డిగ్రీల పొగమంచు గాలిలో కూడా ఆవిరి ఘనపు మీటరుకి 8 గ్రాములే. అదే గాలి లోపలికొచ్చి 20 డిగ్రీలకి వేడెక్కితే దాని తేమ సగం కంటే తక్కువే. మంచులోంచి వచ్చిన గాలే మనల్ని ఆరబెడుతుందన్నమాట! (ఫిజిక్స్‌లో ఇది చదివి మార్కులు కూడా తెచ్చుకున్నా. అప్పుడు ఒక్క ముక్క వెలగలేదు.)

సిలికా జెల్ ప్యాకెట్లు వేద్దామా అంటే అది తన బరువులో మూడో వంతు నీటినే పీలుస్తుంది. లీటరుకి మూడు కిలోలు కావాలి. వద్దనుకున్నాం.

సంక్రాంతికి మళ్లీ వెళ్లాం. ఈసారి ముందు ఒక అద్దం, వెనక అవతలి వైపు ఇంకో అద్దం రెండేళ్ల మందం తెరిచి పెట్టాం, గాలి ఒకవైపు వచ్చి ఇంకోవైపు పోయేలా. నానమ్మని ఆ రెండింటికీ దూరంగా పడుకోబెట్టి మంకీ క్యాప్ పెట్టాం. పరుపు కింద చెక్కపట్టీలు వేసి గాలికి సందు ఉంచాం. స్టవ్ బయటే. అది తేమ కోసమే కాదు, మూసిన బండిలో స్టవ్ గానీ కుంపటి గానీ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్‌తో నిద్రలోనే ప్రాణం పోవచ్చు. మొదటిసారి మా అదృష్టం బాగుంది, అంతే.

పొద్దున నానమ్మ దుప్పటి పొడిగానే ఉంది. డ్రైవర్ ముందు అద్దం మాత్రం కింది అంచున ఇంకా చెమర్చింది. బాబాయి దాని కింద పాత టవల్ ఒకటి మడిచి పెట్టాడు.