మంద కుక్క సంగతి రాయలేదేం?

రహమత్ నగర్, హైదరాబాద్



రెండు గొర్రెపిల్లలు తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరుగుతున్నాయని, ఊళ్లో దిష్టి అంటున్నారని, వాతలు పెట్టమంటున్నారని రాశావు. పెట్టనివ్వకు. నొప్పి తప్ప వాటికి ఒరిగేదేమీ లేదు. 2017లో మీ నాయిన 31,250 రూపాయలు కట్టి తెచ్చుకున్న ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలుతోనే మీ ఇల్లు నిలబడింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

పిల్లలకు జ్వరం లేదు, మేస్తున్నాయి, తిరుగుడు మాత్రం నెల రోజులుగా ముదురుతోంది అన్నావు. మెదడులో నీటితిత్తి ఉందని నా అనుమానం. డాక్టర్లు గిడ్ అంటారు. ఇది గొర్రె నుంచి గొర్రెకు అంటదు, కుక్క నుంచి వస్తుంది. కుక్క పేగుల్లోని బద్దెపురుగు గుడ్లు దాని పెంటతో గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి మేసిన గొర్రె కడుపులో పిల్లపురుగు బయటికొచ్చి, రక్తంలో ప్రయాణించి మెదడుకు చేరుతుంది. కొన్ని నెలల్లో నీళ్లు నిండిన తిత్తిగా పెరిగి మెదడును నొక్కుతుంది. అలాంటి గొర్రె తలను కుక్క తింటే మళ్లీ మొదటికే.

నీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి, మంద కుక్క సంగతే లేదు. మల్లన్న పండుగకు కోసినప్పుడు తలకాయలు ఎటు పోయాయి? చచ్చిన పిల్లను చెరువుగట్టు మీద పడేశారా? ఇక్కడ మా గల్లీలో ఆదివారం మటన్ దుకాణాల ముందు కుక్కలు కాచుకొని ఉంటే నాకు మీ పచ్చిక బీళ్లే గుర్తొస్తాయి. కుక్కకు ప్రాజిక్వాంటెల్ మాత్ర వేయించు. కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు, అంటే 20 కిలోల కుక్కకు 100. తలకాయలు దొరికే చోట తిరిగే కుక్క అయితే ఆరు వారాలకోసారి వేయాలి. పక్క మందల వాళ్లనూ ఒప్పించు. ఒక్క కుక్కకు వేస్తే సరిపోదు.

ఆ పిల్లల నుదుటి ఎముకను వేలితో మెల్లగా తడిమి చూడు. ఒకచోట మెత్తగా తగిలితే తిత్తి పైపొరల్లోనే ఉండొచ్చు. అప్పుడు ఆపరేషన్ చేసి తీసే వీలుంది. 1962కు ఫోన్ చేసి డాక్టర్‌ను పిలిపించు.

తిరిగేదంతా గిడ్ కాదు. రెండు మూడు రోజుల్లోనే జ్వరం పెరిగి, ఒక చెవి వాలిపోయి, చొంగ కారితే లిస్టీరియా కావచ్చు. బూజు పట్టిన పాతర గడ్డితో వస్తుంది. మొదట్లోనే యాంటీబయాటిక్ పడాలి. పెళ్లిలో మిగిలిన అన్నమో, గింజలో ఒక్కసారిగా మేశాక కళ్లు కనబడక, తల పైకెత్తి ఆకాశం చూస్తూ గోడకు నుదురు నొక్కితే బి1 విటమిన్ లోటు అనుకోవాలి. వెంటనే ఇంజక్షన్ పడితే చాలావరకు లేచి తిరుగుతుంది. కొట్టుకుంటూ నిమిషాల్లో చచ్చిపోయేది చిటుకు రోగం. దానికి వానాకాలం ముందు టీకానే రక్ష.

మీ బర్రె గురించి ఒక మాట, ఇది మాత్రం మరువకు. గొంతు బొంగురుపోయి అదేపనిగా అరుస్తూ, చొంగ కారుస్తూ, నీళ్లు మింగలేకపోతే గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చెయ్యి పెట్టకు. అది రేబిస్ కావచ్చు. ఆ లక్షణాలు కనిపించాక పశువును బతికించే మందు లేదు, కానీ నిన్ను కాపాడుకోవచ్చు. చొంగ తగిలిన గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు దవాఖానకు పో. పాలు పితకొద్దు, చర్మం ఒలవొద్దు. పిచ్చికుక్క కరిచిన పశువుకు లక్షణాలు రాకముందే, కరిచిన రోజు నుంచే టీకాలు మొదలుపెట్టించు.

ఫోన్లో ఎవరో మ్యాడ్ కౌ అని భయపెట్టారట. 1986లో బ్రిటన్‌లో బయటపడిన ఆ జబ్బు, పశువుల మాంసం, ఎముకల పొడిని పశువులకే దాణాగా పెట్టడం వల్ల పాకింది. ఆ విషయంలో మన దేశానికి ముప్పు అతి తక్కువని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ 2010లోనే తేల్చింది. నువ్వు దాని గురించి బెంగపడకు.

ఆ పిల్లల్లో ఏది పోయినా తల కోసి ఎవరికీ ఇవ్వకు. కుక్కలు తవ్వలేనంత లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి, పైన రాళ్లు పేర్చు. డాక్టర్ వచ్చే రోజు కుక్కను కట్టేసి ఉంచు, బరువు చూసి మాత్ర అక్కడే వేయించు.

మీ పెద్దనాయిన