40 పేర్లు తియ్యి అంటే ఏ 40?

కంప్యూటర్ పాఠంలో నాకు బాగా నచ్చినది రాస్తున్నాను. 1970లో ఎడ్గార్ కాడ్ అనే ఆయన డేటాబేస్‌ను పట్టికలుగా పెట్టే పద్ధతి చెప్పారు. ఆ పట్టికలో అడ్డు వరుసలకు ముందూ వెనకా అనేది ఉండదు.

హాస్టలుకు 40 దుప్పట్లు వచ్చాయనుకోండి. మనం 200 మందిమి. "40 పేర్లు తియ్యి" అని ఊరికే అడిగితే అది చేతికందిన 40 ఇస్తుంది. ఇవాళ వచ్చిన పేరు రేపు రాకపోవచ్చు. చలి మాత్రం ఆ పిల్లకే! అందుకే "ఆర్డర్ బై" అని రాసి, చేరిన తేదీ ప్రకారం ఇవ్వమనాలి. ఒకే రోజు పదిమంది చేరితే? తేదీ తర్వాత అడ్మిషన్ నంబరు కూడా రాయాలి. అది ఇద్దరికి ఒకటే ఉండదు కదా.

ఇక నిదానం సంగతి. ఏరుమద్ది కావాలంటే మా నాన్న అడవంతా తిరగడు, సీదా వాగు గట్టుకు పోతాడు. ఇండెక్స్ లేని కంప్యూటర్ అడవంతా తిరుగుతుంది. 10 లక్షల పేర్లుంటే అన్నీ చూస్తుంది. ఇండెక్స్‌లో పేర్లు క్రమంగా ఉంటాయి, సగం సగం వదిలేస్తూ పోయినా 20 సార్లలో దొరుకుతుంది. క్వెరీ ముందు "ఎక్స్‌ప్లెయిన్" అని పెడితే ఏ దారిన పోతుందో అదే చెప్తుంది. తేదీ, నంబరు కలిపి ఒక ఇండెక్స్ చేస్తే మళ్లీ సర్దే పని కూడా తప్పుతుంది. అట్లాగని అన్ని గళ్లకీ పెట్టకూడదు. కొత్త పిల్ల చేరినప్పుడల్లా అన్ని ఇండెక్సుల్లోనూ ఎక్కించాలి, అప్పుడు అక్కడ నిదానం అవుతుంది.