మగ పిల్లులలో మూత్ర అవరోధం: గుర్తింపు, నివారణ

ధాన్యపు గిడ్డంగులలో ఎలుకలను వేటాడే పిల్లికి ఎరలోని సుమారు 70 శాతం తేమే ప్రధాన జలాధారం. శుష్క ప్రాంతపు అడవి పిల్లి సంతతి కావడం వల్ల దీనికి దాహం తక్కువ. సుమారు 10 శాతం తేమ గల పొడి ఆహారంపైనే పెరిగే పెంపుడు పిల్లిలో ఈ లోటు పూర్తిగా భర్తీ కాదు. మూత్రం చిక్కబడి స్ఫటికాలు, రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. ఒత్తిడి, స్థూలకాయం కూడా ఇందుకు తోడ్పడతాయి.

మగ పిల్లి మూత్రనాళం సన్ననిది కావడం వల్ల స్ఫటికాలు, జిగురు పదార్థం చేరి మూసుకుపోవచ్చు. మాటిమాటికీ ముక్కడం, అరవడం, మూత్రం చుక్కలుగా లేదా రక్తంతో రావడం ముఖ్య లక్షణాలు. దీనిని మలబద్ధకంగా భావించి జాప్యం చేయడం ప్రాణాంతకం. మూత్రం పూర్తిగా ఆగితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. రెండు మూడు రోజులలో మరణం సంభవించవచ్చు. కనుక పొట్టను నొక్కక, వెంటనే పశువైద్యునికి చూపించాలి. పారాసిటమాల్ పిల్లులకు విషతుల్యం. ఎట్టి పరిస్థితులలోనూ ఇవ్వరాదు.

అవరోధం పునరావృతం కాకుండా తడి ఆహారం, పలుచోట్ల తాజా నీరు, శుభ్రమైన విసర్జన తొట్టె, బరువు నియంత్రణ అవసరం. స్ట్రువైట్ రాళ్లు ప్రత్యేక ఆహారంతో కరుగుతాయి. కాల్షియం ఆక్సలేట్ రాళ్లు కరగవు. కావున రాయి రకాన్ని నిర్ధారించిన తరువాతనే ఆహారాన్ని సూచించాలి.