మూయబడిన ద్వారములు నేర్పిన పాఠము

చదువవలసిన వాక్యభాగములు: లూకా 2:41-52, కీర్తన 42, ఎజ్రా 3:10-13, ద్వితీయోపదేశకాండము 16:13-15.



వేసవి సెలవులు రాగానే మన పల్లెల పిల్లలు అడుగు మొదటి ప్రశ్న మనమందరము ఎరిగినదే. "ఈ ఏడు ఎక్కడికి పోదాము?" అని వారడుగుదురు. మన బాన్సువాడ ప్రాంతపువారు కొందరు నిజాంసాగరు కట్ట చూడబోవుదురు. కొందరు మెదకు దేవాలయమునకు పోవుదురు. చేతిలో నాలుగు డబ్బులున్న ఏట హైదరాబాదు బస్సెక్కి జూపార్కునకు పోవుదురు. ఇంకను కలిగినవారు రామోజీ ఫిల్ము సిటీ వంటి వినోదస్థలములకు పోవుదురు. అది ఏడాదికి ఒక్క దినము. ఆ ఒక్క దినముకొరకు పిల్లలు తక్కిన 364 దినములు ఎదురుచూతురు.

"ఇట్టి లోకసంబంధమైన సంగతికి వేదపాఠమేల?" అని పెద్దలలో కొందరు అడుగవచ్చును. అడుగుట మంచిదే. అయితే దేవుడు మనకు సమస్తమును అనుభవించుటకే ధారాళముగా దయచేయుచున్నాడని పౌలు తిమోతికి వ్రాసెను (1 తిమోతి 6:17). ఇచ్చినవానిని మరచి అనుభవించుట పాపము. ఇచ్చినవానిని తలంచి అనుభవించుట ఆరాధనలో ఒక భాగము. ఈ రెంటికిని గల భేదమును కరోనా కాలము మనకు బాగుగా నేర్పినది. ఆ పాఠమును మరచిపోకముందే దానిని వాక్యముతో కలిపి ధ్యానింతము.

1. మూయబడిన దినములు

2020 మార్చి 22వ తేదీన జనతా కర్ఫ్యూ జరిగెను. మార్చి 25 నుండి దేశమంతటను లాక్‌డౌన్ వచ్చెను. బస్సులు నిలిచెను, బడులు మూతబడెను. 1963 అక్టోబరు 6న ప్రజలకు తెరువబడిన హైదరాబాదు నెహ్రూ జూపార్కు ద్వారములు కూడ మూయబడెను. అవి మరల తెరువబడినది 2020 అక్టోబరు 6న, అనగా సరిగా 57 సంవత్సరములు నిండిన దినముననే. వినోదపు పార్కులకు కేంద్ర ప్రభుత్వము అక్టోబరు 15 నుండి అనుమతి ఇచ్చెను. రామోజీ ఫిల్ము సిటీ 2021 ఫిబ్రవరిలోగాని సందర్శకులకు తెరువబడలేదు.

అంతలో రెండవ అల వచ్చెను. 2021 మే నెలారంభమున జూపార్కు మరల మూయబడెను. అక్కడి ఎనిమిది సింహములకు సయితము ఆ వ్యాధి సోకినదని అదే నెలలో ప్రకటింపబడెను. దేవుని దయవలన అవి కోలుకొనెను. మే 12 నుండి జూన్ 19 వరకు మన రాష్ట్రములో మరల లాక్‌డౌన్ ఉండెను.

మూతబడినవి పార్కులు మాత్రమే కావు. 2020లో మట్టల ఆదివారము, మంచి శుక్రవారము, ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరు పండుగ, ఇవన్నియు మనము ఇండ్లలోనే ఆచరించితిమి. గుడి గంట మ్రోగిన చోట్లను సంఘము కూడలేదు. జూన్ 8 నుండిగాని ప్రార్థనా స్థలములకు అనుమతి రాలేదు. ఆ దినములలో "జూపార్కు ఎప్పుడు తెరుతురు?" అని పిల్లలు అడిగిరి. "గుడి ఎప్పుడు తెరుతురు?" అని మనలో ఎందరము అడిగితిమి? ఈ ప్రశ్నను ఇతరులకు వేయక ఎవరికి వారే వేసికొందము.

2. "వెంట ఉన్నాడనుకొనిరి"

లూకా సువార్త రెండవ అధ్యాయములో ఒక కుటుంబము ప్రయాణము కలదు. యోసేపు మరియలు ప్రతి సంవత్సరమును పస్కా పండుగకు యెరూషలేమునకు పోవుచుండిరి. వారు ధనికులు కారు. శిశువును ప్రతిష్ఠించిన దినమున వారు గొఱ్ఱెపిల్లను తేలేక, బీదలకు నియమింపబడిన పక్షుల జతనే అర్పించిరి (లూకా 2:24, లేవీయకాండము 12:8). అయినను నూరు కిలోమీటర్లకు మించిన దారి నడిచి ఏటేట పోయిరి. ధర్మశాస్త్రము మగవారినే రమ్మని ఆజ్ఞాపించినది. మరియ కూడ పోయెను, బాలుడును పోయెను, బంధువులును నెళవైనవారును గుంపుగా పోయిరి. యేసు బాల్యములో మనకు తెలిసిన ఒకే ఒక్క సంఘటన ఈ కుటుంబయాత్రలోనే జరిగినదని గమనింపవలెను.

తిరుగు ప్రయాణములో ఏమి జరిగెను? బాలుడు గుంపులో ఉన్నాడనుకొని తలిదండ్రులు ఒక దినమంత దూరము నడిచిరి. వారు చెడ్డ తలిదండ్రులు కారు, ప్రేమలేనివారును కారు. ఉన్నాడని అనుకొనిరి, అంతే. వెదకినప్పుడు గాని ఆయన లేడని తెలియలేదు. మూడు దినములైన తరువాత దేవాలయములో ఆయనను కనుగొనిరి. అటుపిమ్మట మరియ ఆ సంగతులన్నిటిని హృదయములో భద్రము చేసికొనెను.

మనకును ఇదే జరుగుచున్నది. ఏటేట పోవుచున్నాము గనుక వచ్చే ఏడు కూడ పోవుదుమనుకొనుచున్నాము. అమ్మ ఉన్నదనుకొనుచున్నాము, తాత ఉన్నాడనుకొనుచున్నాము, గుడి తెరచియే యుండుననుకొనుచున్నాము. అనుకొనుచు ఒక దినము కాదు, అనేక సంవత్సరముల దూరము నడిచిపోవుచున్నాము.

3. సంచుల దగ్గర కూర్చున్న అవ్వ

మన ప్రాంతములోని ఒక చిన్న గ్రామములో ఒక కుటుంబమును నేనెరుగుదును. తండ్రి ట్రాక్టరు నడుపును, తల్లి నాట్లకు పోవును. పొదుపుచేసిన డబ్బుతో వారు ఏటేట వేసవిలో జూపార్కునకు పోవుచుండిరి. తెల్లవారకముందే లేచి రొట్టెలు, పులిహోర డబ్బాలలో పెట్టుకొని మొదటి బస్సెక్కుదురు. అవ్వ కూడ వారితో పోవును. లోపలికి పోగానే ఆమె ఒక చెట్టు నీడ చూచి, "మీరు పోయి చూసి రాండ్రి బిడ్డా, సంచుల కాడ నేను కూసుంట" అనును. వారు పులిని, ఏనుగును, నెమళ్లను చూచి అలసి వచ్చునప్పటికి ఆమె డబ్బాలు విప్పి సిద్ధముగా ఉంచును.

2020లో వారు పోలేకపోయిరి. 2021 మే నెలలో అవ్వ ఆ వ్యాధితోనే ప్రభువునందు నిద్రించెను. సమాధి దగ్గర నిలుచుటకు కూడ ఎక్కువమందికి వీలు లేకపోయెను.

మరుసటి వేసవిలో పిల్లలు బలవంతము చేయగా వారు మరల పోయిరి. లోపలికి పోయిన పిమ్మట సంచులు ఎక్కడ పెట్టవలెనో ఎవరికిని తోచలేదు. అప్పుడు ఆ తండ్రికి తట్టెనట: ఇన్ని యేండ్లు వచ్చినను తన తల్లి ఒక్కసారియైనను సింహమును చూడలేదు. ఆమె చూచినదెల్ల సంచులను, తిరిగివచ్చు మనుమల మొగములను మాత్రమే. ఆ దినమున అతడు ఆ చెట్టు క్రిందనే కూర్చుండెను. భార్యను పిల్లలతో పంపి, "నీవు పోయి చూచి రా, సంచులు నేను చూచెదను" అని చెప్పెను. తరువాత అతడు నాతో ఇట్లనెను: "అయ్యగారూ, జూపార్కులో నేను చూచిన దినములన్నిటిలో ఆ దినమే ఎక్కువ చూచితిని."

సహోదరులారా, మన యింట ఎవరు సంచుల దగ్గర కూర్చుండుచున్నారు? మనము సంతోషించుటకు ఎవరు తమ సంతోషమును మానుకొనుచున్నారు? ద్వారములు తెరచియున్న ఈ దినముననే చూచుకొందము.

4. సంతోషధ్వనియు ఏడ్పు ధ్వనియు

చెరనుండి తిరిగివచ్చినవారు యెరూషలేములో మందిరపు పునాది వేసినప్పుడు ఒక వింత జరిగెను. అనేకులు సంతోషముతో బిగ్గరగా అరచిరి. మొదటి మందిరమును చూచిన ముసలివారు గొప్ప శబ్దముతో ఏడ్చిరి. ఏది సంతోషధ్వనియో ఏది ఏడ్పు ధ్వనియో జనులు తెలిసికొనలేకపోయిరని ఎజ్రా 3:13 చెప్పుచున్నది.

ఏడ్చినవారిని ఎవరును గద్దించినట్లు అక్కడ వ్రాయబడలేదు. సంతోషించినవారిని కూడ ఎవరును ఆపలేదు. కరోనా తరువాత మన ఇండ్లలో జరిగిన ప్రతి పెండ్లిలోను, ప్రతి క్రిస్మసులోను, ప్రతి యాత్రలోను ఈ రెండు ధ్వనులును కలిసియే యున్నవి. దుఃఖమున్నది గనుక పిల్లల సంతోషమును అణచివేయనక్కరలేదు. సంతోషమున్నది గనుక పోయినవారిని మరచినట్లు కాదు.

42వ కీర్తన వ్రాసిన భక్తుడు దేవుని మందిరమునకు దూరముగా, యొర్దాను ప్రాంతములో ఉండెను. మునుపు పండుగ చేయు సమూహముతో తాను మందిరమునకు నడిచిపోయిన సంగతిని జ్ఞాపకము చేసికొని అతని ప్రాణము కరగిపోయెను. అయితే అతడు అంతటితో ఆగక, దేవునియందు నిరీక్షణయుంచుమని తన ప్రాణముతో తానే చెప్పుకొనెను. దారి మూయబడినను దేవుడు మూయబడలేదు. లాక్‌డౌన్ దినములలో సెల్‌ఫోనులో వాక్యము విన్నవారికిని, ఇంటి వాకిట చాప వేసికొని కుటుంబ ప్రార్థన చేసికొన్నవారికిని ఇది అనుభవమే.

5. లోపలికి వచ్చినవారికే కనబడును

మెదకు దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. దాని గోపురము సుమారు 175 అడుగుల ఎత్తు. కరువు దినములలో ఆకలిగొన్న ప్రజలకు పని కల్పించి ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు దానిని కట్టించిరి. కరువుకాలములో మొదలైన పని నూరేండ్ల తరువాత నేటికిని కుటుంబములకు ఆనందస్థలమై యున్నది.

ఆ ఆలయములో క్రీస్తు జననమును, సిలువను, ఆరోహణమును చూపు మూడు రంగుటద్దముల కిటికీలున్నవి. పగటివేళ బయట నిలిచి చూచిన అవి నల్లగా, అర్థము లేనివిగా కనబడును. లోపలికి వచ్చి నిలిచినవారికే సూర్యకాంతి ఆ రంగులను చూపును. బయట మెట్లమీద ఫోటో దిగి తిరిగిపోవువారు ఎందరో! కుటుంబ జీవితమును ఇట్లే యున్నది. పార్కునకు పోయి సెల్‌ఫోనులోనే తల దూర్చి తిరిగివచ్చినయెడల బయటనుండి చూచినట్లే. కలిసి నడిచి, కలిసి తిని, ఒకరి మాట ఒకరు వినినవారే లోపలినుండి చూచినవారు.

6. మన సంతోషములో ఎవరికి పాలు?

పర్ణశాలల పండుగ ఏడు దినముల సంతోషము. పిల్లలకది ఎంత వినోదము! ఇల్లు విడిచి కొమ్మల పందిళ్లలో నివసింతురు. అయితే ఆ పండుగలో ఎవరెవరు సంతోషింపవలెనో దేవుడు పేరుపేరున చెప్పెను: కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు (ద్వితీయోపదేశకాండము 16:14). దేవుడు నియమించిన సంతోషములో ఇంటివారితోపాటు ఇల్లులేనివారికిని చోటున్నది.

2020 ఏప్రిల్, మే నెలలలో మన కామారెడ్డి మీదుగా పోవు 44వ నంబరు జాతీయ రహదారిమీద వలసకూలీలు పిల్లలను భుజములమీద మోసికొని ఉత్తర దేశమునకు నడిచిపోయిరి. మనవారు కొందరు వారికి నీళ్లు, అన్నము ఇచ్చిరి. ఆ మార్గమున హైదరాబాదునకు బస్సులో విహారమునకు పోవునప్పుడు ఆ పిల్లలను జ్ఞాపకము చేసికొందము. మన సంఘములో కరోనావలన తండ్రినో తల్లినో పోగొట్టుకొన్న బిడ్డ ఉన్నయెడల, మన యాత్రలో ఆ బిడ్డకు ఒక సీటు, ఒక టిక్కెట్టు, ఒక రొట్టె ఉండవలెను. పదిమంది కుష్ఠరోగులు శుద్ధులైనను, కృతజ్ఞత చెల్లించుటకు తిరిగివచ్చినవాడు ఒక్కడే (లూకా 17:15-18). ద్వారములు తెరువబడిన తరువాత మనము ఆ తొమ్మిదిమందిలో ఉన్నామా, ఆ ఒక్కనిలో ఉన్నామా? నోటి స్తుతితోపాటు పక్కవాని బిడ్డకు ఇచ్చిన సీటు కూడ దానికి జవాబు చెప్పును.

ఆచరణకు కొన్ని మాటలు

అప్పు చేసి యాత్రకు పోవద్దు. దూరము పోలేనివారు దగ్గరి చెరువుగట్టుకు పోయినను చాలును. సంతోషము టిక్కెట్టు వెలలో లేదు. బయలుదేరకముందు ప్రార్థించుడి. ఇంటి పెద్దవారిని వెంట తీసికొనిపోయి, సంచుల దగ్గర వంతులవారీగా కూర్చుండుడి. తిరిగివచ్చిన రాత్రి పిల్లలలో ఒక్కొక్కరిని దేవునికి దేనినిబట్టి వందనములు చెప్పుదువని అడుగుడి. ఆదివారపు ఆరాధన విడిచి మాత్రము పోవద్దు.

తలంచుకొనుటకు ప్రశ్నలు

1. ఉన్నదిలే అనుకొని నేను నిర్లక్ష్యము చేయుచున్న వరము ఏది?
2. "వచ్చే ఏడు తీసికొనిపోవుదును" అని నేను ఎవరికి మాట ఇచ్చి వాయిదా వేయుచున్నాను?
3. ఈ వేసవి మా సంతోషములో పాలు పొందవలసిన బిడ్డ మా ఊరిలో ఎవరు?

ముగింపు

చెర తరువాత యెరూషలేమునకు దేవుడు జెకర్యాద్వారా ఒక దర్శనమిచ్చెను. వృద్ధులును వృద్ధురాండ్రును చేతికఱ్ఱలు పట్టుకొని వీధులలో కూర్చుందురు. ఆ వీధులు ఆటలాడు బాలబాలికలతో నిండియుండును (జెకర్యా 8:4-5). దేవుడు తన ప్రజలకు కోరిన శాంతి ఇట్టిది. ముసలివారు చూచుచుండగా పిల్లలు ఆడుకొనుట ఆయన దృష్టికి చిన్న సంగతి కాదు.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మూయబడిన దినములలో మమ్మును కాచితివి, తెరువబడిన దినములలో నిన్ను మరువకుండునట్లు కృపచూపుము. మా మధ్యనుండి పోయినవారి నిమిత్తము దుఃఖించువారిని ఆదరించుము. మా ఇండ్ల సంతోషములో దిక్కులేనివారికి చోటిచ్చు మనస్సు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.