శిశువునకు తొలి గానపాఠము

శ్రీమద్భాగవత దశమస్కంధమున ఒక మనోహరమైన ఘట్టము కలదు. ఒకనాడు దాసీజనము ఇతర గృహకృత్యములలో నుండగా యశోదాదేవి తానే స్వయముగా పెరుగు చిలుకుచున్నది. చిలుకుచు, తన కుమారుని బాల్యలీలలను స్మరించి పాడుకొనుచున్నది. అంతలో బాలకృష్ణుడు పాలు గోరి వచ్చి కవ్వమును పట్టుకొనెను. పిమ్మట కుండ పగులుటయు, తల్లి బిడ్డను రోటికి కట్టుటయు అందరెరిగినవే. ఆ పాటను మాత్రము మనము మరచుచున్నాము. ఆ తల్లి బిడ్డను కూర్చుండబెట్టి పాఠము చెప్పలేదు. పనిచేయుచు పాడినది, బిడ్డ ఆమె చెంతకు వచ్చినాడు. పసిపిల్లల సంగీతశిక్షణకు ఈ ఘట్టమే త్రోవ చూపుచున్నది.

మన సంప్రదాయమున లాలిపాటకు గొప్ప స్థానము కలదు. పెరియాళ్వారు తాము యశోదయైనట్లు భావించి కృష్ణునకు ఊయలపాట పాడిరి. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) తెలుగున స్వామికి లాలి రచించిరి. తిరుమల ఏకాంతసేవలో తాళ్లపాక వారి లాలి నేటికిని వినవచ్చుచున్నది. జగములనేలు స్వామికే జోలపాట సమర్పించుకొను మనము, ఒడిలోని పసివానికి దానిని కరవు చేయదగునా?

ప్రహ్లాదుడు తల్లిగర్భమున నుండియే నారదుని ఉపదేశమును వినెనని సప్తమస్కంధము చెప్పుచున్నది. పురాణమునకు ప్రయోగశాల సాక్ష్యము అక్కరలేదు. అయినను గర్భస్థశిశువు చివరి మాసములలో ధ్వనులను వినగలదని వైద్యశాస్త్రమును అంగీకరించుచున్నది. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అను పరిశోధకులు, పుట్టి మూడు దినములైనను నిండని శిశువులు అన్యస్త్రీ కంఠముకంటె తల్లి కంఠమునే కోరుకొందురని ప్రకటించిరి. కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు ఏడాది నిండని శిశువులకు తెలియని భాషలో పాటను, మాటను వేర్వేరుగా వినిపించిరి. మాట వినుచు సుమారు నాలుగు నిమిషములకే చిరాకుపడిన పసివారు, పాట వినుచు సుమారు తొమ్మిది నిమిషములు శాంతముగా నుండిరి. భాష తెలియకున్నను పాట వారికి ఊరట గూర్చినది.

పాట వలన విద్యకును మేలు కలదు. పాటలో అక్షరము సాగి స్పష్టమగును. ప్రాస మరల మరల వచ్చి పదము మనసున నిలుచును. తాళము వేయుచు బిడ్డ తన వంతు వచ్చువరకు ఆగుట నేర్చును. 2010లో జర్మనీలో జరిగిన పరిశోధనలో, కలిసి పాడి ఆడిన నాలుగేండ్ల పిల్లలు తరువాత ఒకరికొకరు అధికముగా సాయపడిరి. అయితే మార్కుల ఆశతో పాట నేర్పించువారు ఒక సత్యమును గ్రహింపవలెను. 2013లో హార్వర్డు పరిశోధకులు నాలుగేండ్ల పిల్లలను పరీక్షింపగా, కొద్ది వారముల సంగీత తరగతుల వలన వారి బుద్ధిశక్తి పెరిగినదనుటకు నికరమైన ఆధారము లభింపలేదు. పాట తెలివికి వెల కాదు. అది తల్లిదండ్రులకును బిడ్డకును నడుమ బంధము.

నేడు పెక్కుమంది బిడ్డను సంగీత తరగతి వాకిట దింపి మరలుచున్నారు. ఇంట జోల పాడు పని సెల్‌ఫోనుకు అప్పగించుచున్నారు. జపాను దేశపు వాయులీన విద్వాంసుడు షినిచి సుజుకి పద్ధతి ఇందుకు భిన్నము. అందు తల్లియో తండ్రియో ముందుగా వాద్యము పట్టి నేర్చుకొందురు. అది చూచి బిడ్డకు తానును వాయింపవలెనని కోరిక పుట్టును. మన కర్ణాటక సంగీతమున పురందరదాసులవారు ఏర్పరచిరని చెప్పబడు సరళీవరుసలు మాయామాళవగౌళ రాగమున ఆరంభమగును. అవి కొంత పెరిగిన పిల్లలకు తగినవి. అంతకు పూర్వపు వయస్సు వినుటకు, చప్పట్లు చరచుటకు, పెద్దలతో గొంతు కలుపుటకు తగినది. ఆ పాఠమునకు ఇల్లే పాఠశాల.

"నాకు గొంతు లేదు" అని వెనుదీయవలదు. శిశువు శ్రుతిశుద్ధిని పరీక్షింపడు. తనవారి కంఠమును గుర్తించును. సంధ్యాదీపము వెలిగించిన పిమ్మట పది నిమిషములు చాలును. ఒక నామమును, ఒక చిన్న పాటను దినదినము పాడుడు. తండ్రియు పాడవలెను; తాతయు, నాయనమ్మయు గొంతు కలుపవలెను. చరణము చివర ఒక్క క్షణమాగినచో బిడ్డ ఆ పదమును తానే అందుకొనును. తప్పు పలికిన గద్దింపక, మీరే సరిగా పాడి వినిపింపుడు. మెట్లదారిని కొండకు నడచునపుడు అడుగడుగునకు నామమును లయగా పలికింపుడు. దర్శనమునకై వేచియున్న వేళను వృథాపుచ్చక బిడ్డతో మెల్లగా పాడుకొనుడు.

పాడుచున్న తల్లి కడకు పరమాత్ముడే కవ్వము పట్టుకొనుటకై వచ్చినాడు. మన ఇంట పాట వినిపించిన, మన బిడ్డలు మన చెంతకు రాకుందురా?