వైడూర్యం కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

జాతకంలో కేతు మహర్దశ ఏడేళ్లు అని చూడగానే మనలో చాలామంది ముందు వెతికేది వైడూర్యం ఉంగరం. మొదటి జీతం మొత్తం దానికే పెట్టేసేవాళ్లు కూడా ఉన్నారు. అందుకే ఈరోజు ఆ రాయి గురించే తెలుసుకుందాం.

అసలు వైడూర్యం అంటే ఏంటి?

నవరత్నాల్లో కేతువుకి చెప్పిన రత్నం ఇది. షాపుల్లో క్యాట్స్ ఐ అంటారు, హిందీలో లహసునియా. ఖనిజం పేరు క్రిసోబెరిల్. రాయి లోపల వెంట్రుక కన్నా సన్నటి సూదుల్లాంటివి ఒకే దిశలో బారులు తీరి ఉంటాయి. రాయిని ఉబ్బెత్తుగా సానపడితే, వాటిమీద పడిన వెలుగు ఒకే గీతగా మెరుస్తుంది. పిల్లికన్ను అనేది అందుకే. ‘విదూర’ అనే చోటు పేరు నుంచి ఈ మాట పుట్టిందని పాణిని వ్యాకరణం చెబుతుంది.

మనకి దగ్గర్లోనే దొరుకుతుంది

చోడవరం నుంచి బీఎన్ రోడ్డు పట్టుకుని నర్సీపట్నం దాటితే గొలుగొండ మండలం. అక్కడి కరక కొండ రంగురాళ్లకి పేరుమోసింది. ఈ తూర్పు కనుమల్లో వైడూర్యాలు నిజంగానే దొరుకుతాయి. కానీ అనుమతి లేకుండా రాత్రిపూట తవ్వే గోతుల్లో మట్టిపెళ్లలు విరిగిపడి కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. "కొండ దగ్గర చవగ్గా ఇప్పిస్తాం" అని ఎవరైనా అంటే ఆ సంగతి గుర్తు తెచ్చుకోండి. బిల్లు లేని రాయి మనకొద్దు.

అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

• ఫోన్ టార్చ్ వేసి రాయిని అటూ ఇటూ తిప్పండి. వెలుగు గీత సన్నగా, తెగకుండా కదలాలి.
• గాజు రాయి అయితే పక్కనుంచి భూతద్దంతో చూసినప్పుడు తేనెపట్టులాంటి గళ్లు కనిపించవచ్చు. రంగులు కూడా మరీ కొట్టొచ్చినట్టు ఉంటాయి.
• క్వార్ట్జ్‌లో కూడా పిల్లికన్ను ఉంటుంది, ధర చాలా తక్కువ. దాని గట్టిదనం 7, క్రిసోబెరిల్‌ది 8.5. ఇంట్లో గీకి చూడకండి, ల్యాబ్ రిపోర్టు అడగండి. అందులో ‘క్రిసోబెరిల్’ అన్న మాట ఉండాలి.

ఎలా చూసుకోవాలి?

గోరువెచ్చటి నీళ్లు, కొంచెం సబ్బు, మెత్తటి బ్రష్ చాలు. గట్టి రాయే అయినా విడిగా గుడ్డలో చుట్టి పెట్టండి. లేకపోతే పక్కనున్న ముత్యాలకీ పగడాలకీ గీతలు పడతాయి. వంట చేసేటప్పుడు ఉంగరం తీసెయ్యండి. సడెన్‌గా వేడి తగలకూడదు.

రాయి కొనలేకపోతే?

ఏం ఫర్వాలేదండీ! కేతువు అనుకూలంగా ఉండాలంటే గణపతిని కొలవమని పెద్దలు చెబుతారు. చోడవరంలో స్వయంభూ వినాయకుడు ఉన్నాడు. ఆయనకి గుప్పెడు గరిక చాలు. కేతువుకి చెప్పిన దానం ఉలవలు, అవి ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. ఇష్టంతో, అప్పు చెయ్యకుండా కొనుక్కుంటే వైడూర్యం అందమైన రత్నమే. భయపడి మాత్రం కొనకండి. భయం తీర్చడానికి విఘ్నేశ్వరుడు ఉన్నాడు కదా!

శుభం భూయాత్.