చేయవలసిన పనుల చిట్టా: ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం ఎలా?



మన ట్రస్టుకు వచ్చే స్కాలర్‌షిప్ దరఖాస్తులను పరిశీలించేవారిలో నేనూ ఒకడిని. మార్కులు చాలని దరఖాస్తును పక్కన పెట్టడం కష్టమే గాని, అందులో అన్యాయం లేదు. మంచి మార్కులు ఉండి కూడా ఆదాయ ధ్రువపత్రం గడువు దాటాక చేతికి వచ్చిన దరఖాస్తును పక్కన పెట్టవలసి వచ్చినప్పుడు మాత్రం మనసుకు బాధ కలుగుతుంది. ఆ విద్యార్థి చదువులో వెనుకబడలేదు. ఏ పని ఏ రోజున మొదలుపెట్టాలో ఎక్కడా రాసి పెట్టుకోలేదు, అంతే. అందుకే ఈ సంచికలో పనుల జాబితా గురించి, దానికి పనికివచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి రాస్తున్నాను.

చిట్టా, ఆవర్జా

మన పెద్దలలో వ్యాపారం చేసినవారికి ఈ రెండు మాటలు బాగా తెలుసు. రోజూ జరిగిన ప్రతి లావాదేవీని ముందు చిట్టాలో రాసేవారు. తరువాత తీరికగా కూర్చుని, దేనికి సంబంధించినదాన్ని దాని ఖాతా కింద ఆవర్జాకు ఎక్కించేవారు. చిట్టాలో పడని లెక్కను ఎవరూ జ్ఞాపకంతో చెప్పేవారు కారు.

పనుల జాబితా కూడా ఇంతే. గుర్తుకు వచ్చిన పనిని వెంటనే ఒకే చోట రాయాలి. సాయంత్రం దాన్ని చదువు, ఇల్లు, స్కాలర్‌షిప్ అనే ఖాతాలకు మార్చి తేదీ వేయాలి. కొన్ని పనులు నోటుపుస్తకం వెనుక పేజీలో, కొన్ని అరచేతి మీద, కొన్ని ఫోన్ మెసేజీలలో ఉంటే అది చిట్టా కాదు. సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, చిట్టా ఒక్కటే ఉండాలి.

"ఉచితం" అంటే మూడు రకాలు

మొదటి రకం, పెద్ద కంపెనీలు తమ ఖాతాతో పాటు ఇచ్చేవి. గూగుల్ టాస్క్స్, మైక్రోసాఫ్ట్ టు డూ ఇటువంటివి. రెండవ రకం, కొంత వరకు ఉచితంగా ఇచ్చి మిగిలిన సౌకర్యాలకు డబ్బు అడిగేవి. టోడోయిస్ట్, టిక్‌టిక్ ఈ కోవలోవి. మూడవ రకం, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దాని ప్రోగ్రాము అందరికీ బహిరంగంగా ఉంటుంది, ఎవరైనా తీసుకుని కొనసాగించవచ్చు.

ఈ తేడా ఎందుకు తెలియాలో రెండు సంగతులు చెబుతాను. వండర్‌లిస్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను చాలా మంది ఇష్టంగా వాడేవారు. 2015లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొన్నది, 2020 మే నెలలో మూసివేసింది. వాడుతున్నవారు తమ జాబితాలను టు డూకు మార్చుకోవలసి వచ్చింది. ఆస్ట్రిడ్ అనే మరో సాఫ్ట్‌వేర్‌ను 2013లో యాహూ కొని, ఆ ఏడాదే ఆపివేసింది. అయితే ఆస్ట్రిడ్ ప్రోగ్రాము ఓపెన్ సోర్స్‌గా ఉండడం వల్ల దాని ఆధారంగా టాస్క్స్ డాట్ ఆర్గ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఉచితంగా దొరికింది ఉచితంగానే పోవచ్చు. కాబట్టి మన జాబితాను బయటకు తీసుకునే దారి ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఎంచుకునే ముందు ఐదు ప్రశ్నలు

1. తేదీ, సమయం వేస్తే ఫోన్ మోగి గుర్తు చేస్తుందా? ఇది డబ్బు కట్టకుండానే దొరుకుతుందా?

2. ఒక పెద్ద పని కింద చిన్న పనులు రాసే వీలుందా? స్కాలర్‌షిప్ వంటి పనికి ఇది తప్పనిసరి.

3. ఇంటర్నెట్ లేనప్పుడు కూడా జాబితా కనబడుతుందా? డేటా అయిపోయిన రోజునే ఆఫీసుకు వెళ్లవలసి రావచ్చు.

4. ఫోన్ పోయినా, మారినా జాబితా తిరిగి దొరుకుతుందా?

5. ఇంట్లో మరొకరితో పంచుకోవచ్చా?

ఈ ఐదింటిలో మీకు ఏవి ముఖ్యమో ముందు తేల్చుకోండి. రంగులు, బొమ్మలు, పాయింట్లు చూసి ఎంచుకోవద్దు. వాటిని సర్దుకోవడంలోనే సాయంత్రం గడిచిపోతుంది.

మూడు సాఫ్ట్‌వేర్‌ల పరిచయం

గూగుల్ టాస్క్స్: జీమెయిల్ ఖాతా ఉంటే చాలు. పని రాసి తేదీ వేస్తే గూగుల్ క్యాలెండర్‌లో కూడా కనబడుతుంది. ఉప పనులు రాయవచ్చు, ప్రతి వారం లేదా ప్రతి నెల వచ్చే పనిని ఒకసారి రాస్తే చాలు. చాలా సాదాగా ఉంటుంది. మొదటిసారి వాడేవారికి నేను దీన్నే సూచిస్తాను.

మైక్రోసాఫ్ట్ టు డూ: ఇందులో "మై డే" అనే పేజీ ప్రతి రోజూ ఖాళీగా మొదలవుతుంది. పెద్ద జాబితాలోంచి ఈ రోజు చేయగలిగినవి మాత్రమే అందులోకి తెచ్చుకోవాలి. జాబితాను ఇంట్లోవారితో పంచుకునే సౌకర్యం ఉంది. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ దరఖాస్తు చేసే ఇంటికి ఇది అనుకూలం.

టాస్క్స్ డాట్ ఆర్గ్: ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఏ ఖాతా తెరవకుండానే వాడుకోవచ్చు. అప్పుడు జాబితా మీ ఫోన్‌లోనే ఉంటుంది. తమ వివరాలు కంపెనీల దగ్గర ఉండకూడదనుకునేవారికి ఇది బాగుంటుంది. అయితే బ్యాకప్ తీసుకునే బాధ్యత మీదే.

మూడింటిలోనూ తెలుగులో పనులు రాసుకోవచ్చు. మన పిల్లలలో చాలా మంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని బడిలో తమిళం, కన్నడం, మరాఠీ లేదా ఒడియా చదువుతారు. దానికి ఇబ్బంది లేదు. ఒకే జాబితాలో అమ్మ తెలుగులో, అమ్మాయి ఇంగ్లీషులో రాయవచ్చు. టైపు చేయడం రాకపోతే జీబోర్డ్‌లో మైకు నొక్కి తెలుగులో చెబితే అదే రాస్తుంది.

పని ఎలా రాయాలి?

"స్కాలర్‌షిప్" అని రాస్తే అది పని కాదు, శీర్షిక మాత్రమే. "సోమవారం ఉదయం కాలేజీ ఆఫీసులో బోనఫైడ్ సర్టిఫికెట్‌కు అర్జీ ఇవ్వాలి" అంటే పని. చదవగానే ఎక్కడికి వెళ్లాలో, ఏం చేయాలో తెలియాలి.

ఇంకొక జాగ్రత్త. అర్జీ ఇచ్చిన వెంటనే టిక్కు పెట్టి మరచిపోవద్దు. అర్జీ ఇవ్వడం మన పని, పత్రం చేతికి రావడం ఇంకొకరి పని. కాబట్టి టిక్కు పెట్టిన వెంటనే "వచ్చే మంగళవారం వెళ్లి అడగాలి" అని కొత్త పని రాయండి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో విద్యార్థి ఫారం పంపడానికి ఒక గడువు, కళాశాల దాన్ని పరిశీలించడానికి మరొక గడువు ఉంటాయి. మీరు పంపినా కళాశాల పరిశీలన పూర్తి కాకపోతే దరఖాస్తు ముందుకు కదలదు. ఆ రెండవ గడువు కూడా మీ జాబితాలో ఉండాలి.

ఎన్ని రోజులు పడుతుంది?

1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కెనడాలో విద్యార్థులను పరీక్షించారు. ప్రాజెక్టు వ్యాసం పూర్తి చేయడానికి ఎన్ని రోజులు పడుతుందని అడిగితే, విద్యార్థులు చెప్పిన అంచనా సగటున 34 రోజులు. నిజంగా పట్టినవి 55 రోజులకు పైగా. తాము చెప్పిన సమయంలో ముగించినవారు పది మందిలో ముగ్గురే. వారు సోమరులు కారు. అంతా సవ్యంగా జరుగుతుందని అనుకుని లెక్క వేయడం మనిషి స్వభావం.

అందుకని మీ అంచనాను 1.6తో గుణించండి. 10 రోజులు అనిపిస్తే 16 అని రాయండి. ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. దరఖాస్తుకు ఆఖరు తేదీ అక్టోబర్ 31 అనుకుందాం.

ఆఖరి రోజుల్లో వెబ్‌సైట్ నెమ్మదిస్తుంది కనుక మన సొంత ఆఖరు తేదీ అక్టోబర్ 20.

ఫారం నింపి సరిచూసుకోవడానికి కొన్ని సాయంత్రాలు కావాలి. కాబట్టి పత్రాలన్నీ అక్టోబర్ 15కు చేతిలో ఉండాలి.

ఆదాయ ధ్రువపత్రానికి 15 రోజులు అనిపిస్తే 24 రోజులు తీసుకోవాలి. అంటే సెప్టెంబర్ 21న అర్జీ పెట్టాలి.

ఆ అర్జీకి కావలసిన రేషన్ కార్డు, చిరునామా, ఆదాయ వివరాలు సిద్ధం చేయడానికి 3 రోజులు అనిపిస్తే 5 రోజులు. అంటే సెప్టెంబర్ 16న మొదలుపెట్టాలి.

అక్టోబర్ 31 గడువు ఉన్న పని సెప్టెంబర్ 16న మొదలవుతుందన్నమాట. జాబితాలో "అక్టోబర్ 31, స్కాలర్‌షిప్" అని ఒక్క వరుస రాసి ఉంటే ఫోన్ సరిగ్గా ఆ రోజునే మోగుతుంది. మోగి ప్రయోజనం లేదు.

తమిళనాడులో ఇ-సేవై కేంద్రం, కర్ణాటకలో నాడకచేరి, మహారాష్ట్రలో ఆపలే సర్కార్ కేంద్రం, ఒడిశాలో తహసీల్ కార్యాలయం, యానాంలో రెవెన్యూ కార్యాలయం, ఇలా రాష్ట్రాన్ని బట్టి వెళ్లవలసిన చోటు మారుతుంది. ధ్రువపత్రం ఎంత కాలం చెల్లుతుందో కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. పత్రం చేతికి రాగానే చెల్లుబాటు తేదీ చూసి, అంతకు రెండు నెలల ముందు "కొత్తది తీసుకోవాలి" అని జాబితాలో వేసుకోండి. రెన్యూవల్ విద్యార్థులు దీన్ని తప్పక చేయాలి.

తల్లిదండ్రులకు ఒక మాట

పిల్లల జాబితాను తనిఖీ పుస్తకంగా మార్చవద్దు. "ఇది ఇంకా ఎందుకు చేయలేదు?" అని రోజూ అడిగితే వారు జాబితాలో రాయడం మానేస్తారు. వారానికి ఒకసారి, ఆదివారం పది నిమిషాలు కలిసి కూర్చోండి. ఆదాయ వివరాలు, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం వంటివి పెద్దలు చేయవలసిన పనులు. వాటిని మీ పేరున రాయమనండి. పెద్దలు కూడా తమ పనికి టిక్కు పెట్టడం చూసిన పిల్లలకు వేరే ఉపదేశం అక్కరలేదు.

ఇంట్లో ఒకే ఫోన్ ఉండి అది నాన్నతో పనికి వెళ్లిపోతే నోటుపుస్తకమే మంచి చిట్టా. ముఖ్యమైన తేదీలకు మాత్రం ఆ ఫోన్‌లో అలారం పెట్టించండి.

ఎవరి జాబితాలోనైనా సరే ఆధార్ నంబరు, బ్యాంకు పాస్‌వర్డు, ఓటీపీ రాయకూడదు.

అభ్యాసం

1. ఈ వారంలో పైన చెప్పిన మూడింటిలో ఒకదాన్ని ఎంచుకుని పది పనులు రాయండి. నెల రోజుల వరకు మరొకదానికి మారవద్దు.

2. ఏటా మీరు పెట్టే ఒక దరఖాస్తును తీసుకుని, ఆఖరు తేదీ నుంచి వెనక్కు లెక్కించి మొదటి అడుగు ఏ రోజున పడాలో కనుక్కోండి.

3. ఏడు రోజుల తరువాత జాబితా చూడండి. మూడుసార్లు వాయిదా పడిన పని ఉంటే అది చాలా పెద్దదై ఉంటుంది. దాన్ని అరగంటలో ముగిసే ముక్కలుగా విడగొట్టి రాయండి.

వచ్చే పరిశీలనలో మీ దరఖాస్తులన్నీ గడువుకు పది రోజుల ముందే మా బల్ల మీద ఉండాలని కోరుకుంటున్నాను.